స్థానిక సభ్యుల ఫిరాయింపు: అపోహలు – వాస్తవాలు

మండల పరిషత్తు అధ్యక్షుని ఎన్నికయో, పురపాలక సంఘపు చైర్మనుపై అవిశ్వాస తీర్మానమో సమీపించిన దినములలో సభ్యులను బస్సులలో దూరప్రాంతములకు తరలించి ‘క్యాంపు’ నడపుట మనకు పరిచితమైన దృశ్యమే. అట్టి వేళలందు అనర్హతను గురించి వ్యాపించు మాటలలో సత్యము కొంత, భ్రమ కొంత కలసియుండును గనుక వానిని వేరుపరచి చూచుట అవసరము.

అపోహ: ఫిరాయింపులను నిషేధించు రాజ్యాంగపు పదవ షెడ్యూలు కౌన్సిలర్లకును వర్తించును.

వాస్తవం: 1985లో 52వ సవరణచే చేరిన ఆ షెడ్యూలు పార్లమెంటు సభ్యులకును, రాష్ట్ర చట్టసభల సభ్యులకును మాత్రమే పరిమితము. పంచాయతీ సభ్యుల అనర్హతను 243ఎఫ్, పురపాలక సభ్యుల అనర్హతను 243వి అధికరణములు రాష్ట్ర శాసనములకు విడిచినవి. కనుకనే మహారాష్ట్రమున 1986 నాటి చట్టము, కర్ణాటకమున 1987 నాటిది, కేరళమున 1999 నాటిది వేర్వేరుగా అమలులో ఉన్నవి. ఒక రాష్ట్రమున పదవిని హరించు చర్య మరియొక రాష్ట్రమున నిరపాయముగా సాగిపోవచ్చును.

అపోహ: చట్టసభలో స్పీకరు వలె ఇచ్చట చైర్మనే తీర్పు చెప్పును.

వాస్తవం: కేరళమున రాష్ట్ర ఎన్నికల సంఘము విచారించి నిర్ణయించును, దోషి అని తేలినవాడు ఆరేండ్లు పోటీకి అనర్హుడగును. మహారాష్ట్రమున పురపాలక సభ్యుల విషయమై కలెక్టరు విచారించును. తెలుగు రాష్ట్రములలో అధ్యక్షుని ఎన్నిక వేళ సభ్యులు చేతులెత్తి, గుర్తింపు పొందిన తమ పార్టీ విప్‌నకు, అనగా పార్టీ ఆదేశమునకు, లోబడి ఓటు వేయవలెనని చట్టము విధించుచున్నది. ధిక్కరించినవానిపై చర్య ఆ ఎన్నికను నిర్వహించు ప్రిసైడింగ్ అధికారి చేతిలో ఉన్నది.

అపోహ: రాజీనామా పత్రము ఇయ్యనంతవరకు పార్టీని వీడినట్లు కాదు.

వాస్తవం: శాసనసభ్యుల విషయమై రవి నాయక్ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పిన దేమనగా, స్వచ్ఛందముగా సభ్యత్వమును వదలుకొనుటయు రాజీనామాయు ఒకటి కావు, నడవడికను బట్టియు దానిని ఊహింపవచ్చును. కేరళ చట్టమందును ‘స్వచ్ఛందముగా సభ్యత్వమును వదలుకొనుట’ అను పదములే ఉన్నవి.

అపోహ: విప్ కాగితమును అందుకొనక తప్పించుకొన్నచో, లేదా ఓటింగుకు దూరముగా ఉన్నచో చిక్కులేదు.

వాస్తవం: కేరళ నియమములు దీనిని ముందే ఊహించినవి. విప్‌ను చేతికిచ్చి రసీదు పొందవచ్చును. రిజిస్టరు తపాలాలో పంపవచ్చును. లేదా ఇద్దరు సాక్షుల సమక్షమున ఇంటికి అంటింపవచ్చును. విప్‌నకు విరుద్ధముగా ఓటింగు నుండి తొలగియుండుటయు అచ్చట దోషమే. అయితే సభ్యుడు వేయు ప్రతి ఓటుకును ఈ కట్టు లేదు; అధ్యక్షాది పదవుల ఎన్నిక, అవిశ్వాసము వంటి ఘట్టములకే ఇది పరిమితము.

అపోహ: స్వతంత్రునికి ఏ బంధమును లేదు.

వాస్తవం: కేరళమున ఏ కూటమికిని చెందని స్వతంత్రుడు పిదప పార్టీలో చేరినను అనర్హుడే. అయితే మన తెలుగు గ్రామములలో సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకయే జరుగును గనుక, సర్పంచి కండువా మార్చినంతమాత్రమున విప్ ధిక్కారమను ప్రశ్న పుట్టదు.

ఈ భేదములన్నియు సాంకేతికములే యని తోసివేయుట తగదు. గుర్తును చూచి వేసిన ఓటు ఓటరు నమ్మి అప్పగించిన ఇల్లడ వంటిది. తెలుగు రాష్ట్రముల చట్టము ప్రధానముగా విప్ ధిక్కారము చుట్టును అల్లుకొన్నది. చేతులెత్తిన ఆ ఒక్క గడియలో విధేయుడై నిలిచి, మరునాడు కండువా మార్చువాని విషయమున అది బలహీనము. నడవడికను కూడ విచారించు అధికారమును, పార్టీలకు అతీతమైన రాష్ట్ర ఎన్నికల సంఘమునకు ఒప్పగించిన కేరళ పద్ధతిని మన శాసనకర్తలు శ్రద్ధతో పరిశీలింపవలెను. ఓటరులును తమ సభ్యుని బంధించు చట్టమేదో తెలిసికొని, అభ్యర్థి ఓటు అడుగవచ్చిననాడే దానిని గూర్చి నిలదీయవలెను.