సైబీరియా చుట్టాలు కావు, మన తంపర పక్షులే

మొన్న శీతాకాలం మా ఊరి కుర్రాళ్లని టెక్కలి పక్కన తేలినీలాపురం తీసుకెళ్లాను. చింతచెట్ల నిండా గూళ్లు, కింద రెట్టల కంపు, పైన ఒకటే గోల. ‘‘అన్నా, ఇవన్నీ సైబీరియా నుంచే వచ్చినాయేటి?’’ అనడిగాడు ఒక గుంటడు. అవునని చెప్పబోయి ఆగాను. పదేళ్లు మీటింగుల్లో నేనూ అదే చెప్పీవోడిని. తప్పు చెప్పాను.

లెక్క సులువే. ఉత్తరాన మంచు దేశాల నుంచి నిజంగా వచ్చే పక్షులున్నాయి. కొన్ని రకాల బాతులు, ఉల్లంకి పిట్టలు. చలికాలం ఇక్కడ మేసి, ఎండలు ముదరకముందే తిరిగెళ్లి అక్కడే గుడ్లు పెడతాయి. తేలినీలాపురంలో గూళ్లు కట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు, ఇంకా ఎర్రకాళ్ల కొంగలు. ఇవి సైబీరియాలో బతికే జాతులే కావు. కడుపుతో ఉన్న ఆడపిల్ల పురిటికి కన్నోరింటికి వచ్చినట్టు వస్తాయి. ఇక్కడే పిల్లల్ని లేపి, ఎగరడం నేర్పి, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ పోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలూ అంతే. ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది. నత్తల్ని పట్టడానికి కుదిరిన ముక్కు అది.

ఎక్కడివైతే ఏటిలే అంటారా? పరాయి దేశపు అతిథులనుకుంటే, ఒక ఏడు తక్కువొస్తే అక్కడేదో అయిందిలే అని ఊరుకుంటాం. మనవైతే కారణం మన దగ్గరే వెతకాలి. చెట్టు వాటికి ఇల్లే. కూడు మాత్రం నౌపడ తంపరలో, చిత్తడి మడుగుల్లో ఉంది. చెట్టుని కాపాడి తంపరని ఒగ్గేస్తే ఇల్లుండి పొయ్యి లేనట్టే.

2010 జూలై 14న సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర కోసం, థర్మల్ ప్లాంటు వద్దన్న మనోళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పక్షుల కోసం కాదు, వరి కోసం, చేప కోసం, నీటి కోసం. సోంపేట ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. బీల మిగిలింది, బీలతో పాటు కొంగలకి మేతా మిగిలింది. లండనోళ్లు థేమ్స్ పక్కన పాత మంచినీళ్ల రిజర్వాయర్లని చిత్తడి నేలగా మార్చి 2000లో తెరిచారు. అక్కడ టికెట్టు కొని చూస్తారు. మనకి ఇంకా ఊరికే ఉంది.

వెళ్తే బేగి లేచి, తెల్లారకముందే వెళ్లండి. సెల్ఫీ కోసం గూళ్ల కిందకి పోకండి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్డు కాకి పాలే. దూరంగా గట్టు మీద కూకొని, మేతకెళ్లేవి ఎన్ని, ఎటు అన్నది తేదీ వేసి రాయండి. ఈబర్డ్ అనే యాప్ ఉచితమే, అందులో కూడా ఎక్కించండి. ఏ మడుగులో ఇంకా చేపుందో ఆ లెక్కలోనే తెలిసిపోతుంది. ‘ఇది ఉత్త బంజరు’ అని ఎవరైనా కాగితం పట్టుకొచ్చిన రోజున మన దగ్గర కూడా ఓ కాగితం ఉండాలి కదా.

ఆ గుంటడు గంటలో 43 రాశాడు. రెండు తప్ప అన్నీ నౌపడ వైపే.