సెల్ఫీ కోసం సీఎంనే మార్చేశాడు సరే, మరి కూలీ ఏమయ్యాడు?

‘పుష్ప 2’ చూసొచ్చాక మా ఫ్రెండ్స్ గ్రూపులో గొడవంతా రన్‌టైమ్ మీదే. 3 గంటల 20 నిమిషాలా అని ఒకడు, జాతర సీన్ కోసం ఇంకో గంటైనా కూర్చుంటానని ఇంకొకడు. నాకు నిడివితో పేచీ లేదు. పుష్పరాజ్ కోపంతోనే ఉంది.

2021లో వచ్చిన ‘ది రైజ్’ గుర్తు చేసుకోండి. యజమాని ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే అతని తప్పు. కాలు దించడం ఇష్టంలేక పని మానేసి, ఎర్రచందనం నరకడానికి శేషాచలం అడవుల్లోకి పోతాడు. అక్కడ దుంగలు మోస్తూనే లెక్కలు కూడా పట్టేస్తాడు. చెన్నైలో టన్ను ఎంతకు పోతోంది, మంగళం శ్రీను మన చేతిలో పెట్టేదెంత? నిజం చెప్పాలంటే ఆ సినిమాలో ఫైట్ల కన్నా ఈ బేరాలే నాకు ఎక్కువ కిక్కిచ్చాయి. కూలి డబ్బులతో సరిపెట్టుకోకుండా వాటా అడగడం, అదీ చిత్తూరు యాసలో! ఎవరూ స్పీచ్ ఇవ్వకుండానే బోలెడు రాజకీయం మాట్లాడిన సినిమా అది.

2024లో ‘ది రూల్’ వచ్చేసరికి, సీఎం తనతో ఫొటో దిగనన్నాడని ఏకంగా సీఎంనే మార్చేయాలనుకుంటాడు. ఐడియా అదిరింది, థియేటర్లో నేనూ ఈల వేశా. కానీ డబ్బుంటే ముఖ్యమంత్రి కుర్చీ కూడా కొనొచ్చన్న మాటను సినిమా హీరో ఖాతాలో గెలుపుగా వేసుకుని ముందుకెళ్లిపోతుంది. ఒకప్పుడు అవమానం తిన్నవాడి కోపం ఇప్పుడు పవర్ ఉన్నవాడి అలకైంది.

అలాగని సుకుమార్ అంతా వదిలేశాడని కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం నిజంగా ఉన్న ఆచారం. అల్లు అర్జున్ చీర కట్టి ఆడిన ఆ సీన్‌లో మళ్లీ మట్టి వాసన తగులుతుంది. చివర్లో ఇంటిపేరు దక్కే ఘట్టం కూడా అంతే. మొదటి భాగంలో పడ్డ గాయానికి అక్కడే మందు దొరికింది.

దొరకనిది కూలీల కథ. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. దుంగ నరికేవాడి ప్రాణం ఎంత చవకో తెలియడానికి ఆ ఒక్క రోజు చాలు. సినిమా ఆ ఘటన మీదే తీయాలని నేననను. అయితే కూలీగా మొదలైన హీరో సిండికేట్ లీడరయ్యాక, తన కింద పనిచేసేవాళ్లకు ఎంత ఇస్తున్నాడు? మంగళం శ్రీనుని నిలదీసిన ప్రశ్నే కదా ఇది. రెండో భాగంలో పుష్పని ఆ ప్రశ్న అడిగేవాడే లేడు.

మూడో భాగానికి ‘ది ర్యాంపేజ్’ అని పేరు కూడా పెట్టేశారు. పేరు వింటుంటే మళ్లీ పెద్ద విలన్, పెద్ద ఫైటే అనిపిస్తోంది. నేను మాత్రం కేశవ కోసం చూస్తా. మొదటి భాగంలో మనకు కథ చెప్పిన గొంతు అతనిదే. పుష్ప పక్కనే తిరిగాడు, అతని లెక్కలన్నీ చూశాడు. పుష్పని ఆ వాటా సంగతి అడగాల్సింది కూడా అతనే.