పరదేశమందు సూడాను బాలురు

ఆఫ్రికా ఖండమున నైలునది పాఱెడి సూడాను దేశము పూర్వము మిక్కిలి విశాలమైనది. దాని ఉత్తరభాగమున అరబ్బీ భాష మాటలాడు మహమ్మదీయులును, దక్షిణభాగమున డింకా, నూవేరు మొదలగు పెక్కు తెగలవారును నివసించుచుండిరి. దక్షిణాదివారిలో ననేకులు క్రైస్తవులు. తక్కినవారు తమ పూర్వుల మతము నవలంబించినవారు. 1983వ సంవత్సరమున ఖార్టూము ప్రభుత్వము దక్షిణభాగమునకుండిన స్వపరిపాలనాధికారమును రద్దుపఱచి, దేశమంతటికిని మహమ్మదీయ ధర్మశాస్త్రమును విధించెను. ఆ యేటనే యుద్ధము పుట్టినది. అది 2005వ సంవత్సరపు సంధివఱకును సాగెను. ఇరువది లక్షలమంది మడిసిరని అంచనా. ఈ యుద్ధమున తల్లిదండ్రులను గోలుపోయి, దేశములు దాటి, తుదకు అమెరికాకు చేరిన బాలురనుగూర్చి మన పత్రికా పాఠకులకు కొంత తెలుపనెంచితిమి.

డింకా జాతివారికి పశువులే సర్వస్వము. ఎనిమిది పది యేండ్ల మగపిల్లలు ఊరికి దూరముగా మందలవద్ద నుండుట వారి యాచారము. సైనికులు గ్రామములపై బడి ఇండ్లు తగులబెట్టినపుడు, ఇంటనున్న తల్లులును ఆడపిల్లలును చంపబడిరి, లేక చెఱపట్టబడిరి. మందలవద్దనున్న బాలురు పొగను జూచి అడవిలోనికి పరుగెత్తిరి. బ్రతికినవారిలో మగపిల్లలే యెక్కువగా నుండుటకు ఇది యొక ముఖ్యకారణము. 1987వ సంవత్సర ప్రాంతమున ఇట్టి బాలురు సుమారు 20,000 మంది తూర్పుదిక్కుగా నడచి ఇథియోపియా దేశము చేరిరి. త్రోవలో ఆకలిచేతను, దప్పిచేతను, క్రూరమృగములచేతను చచ్చినవారి లెక్క ఎవ్వరికిని తెలియదు. పెద్దబాలురు చిన్నవారిని వీపున మోసికొనిపోయిరి. పండ్రెండేండ్లవాడు పెద్దవాడే!

1991వ సంవత్సరము మే మాసమున ఇథియోపియా ప్రభుత్వము కూలిపోయెను. వెంటనే శరణార్థులు తుపాకులతో వెడలగొట్టబడిరి. వర్షములకు పొంగియున్న గిలోనదిని ఈదవలసివచ్చినపుడు, కొందఱు గుండ్లవలనను, కొందఱు ప్రవాహమువలనను, కొందఱు మొసళ్లవలనను నశించిరి. మిగిలినవారు మరల సూడాను ప్రవేశించి, అచ్చటను నిలువలేక, 1992లో కెన్యా దేశపు వాయవ్యమూలనున్న కకూమా శిబిరము చేరిరి.

వీరికి ‘తప్పిపోయిన బాలురు’ అను పేరు వచ్చినది. ఒక ఆంగ్ల బాలకథలోని తల్లిలేని పిల్లలను తలంచి పాశ్చాత్యులు పెట్టిన పేరిది. ఈ మాట వినగానే మన తెలుగు క్రైస్తవులకు సువార్తలోని తప్పిపోయిన కుమారుడు స్ఫురించును. కాని పోలిక చాలదు. ఆ కుమారుడు తన భాగము తీసికొని తన యిష్టముచొప్పున పోయెను; అతడు తిరిగివచ్చువేళకు తండ్రి వాకిట నిలిచియుండెను. ఈ బాలురు కోరి పోలేదు, వాకిలియే కాలిపోయినది. పెరిగి పెద్దవారైన పిదప వీరిలో కొందఱు ఈ పేరు తమకు నచ్చదని చెప్పుట న్యాయమే యని మేము తలంచుచున్నాము.

కకూమా ఎండిన నేల; దుమ్ముగాలులు నిత్యము. బాలురు గుంపులుగా గూడి మట్టిగోడల గుడిసెలు కట్టుకొని, పంచియిచ్చిన జొన్నలును పప్పును దినమున కొకమాఱు వండుకొని తినుచు సుమారు తొమ్మిదేండ్లు గడపిరి. డింకా ఆచారము ప్రకారము మగవాడు వంటచేయుట తగదు. వీరు నేర్చుకొనిరి. శిబిరములో పాఠశాలలు పెట్టబడెను. పుస్తకములు చాలక, పలకలు లేక, నేలమీద వ్రేలితో అక్షరములు వ్రాసి నేర్చినవారు కలరు. ‘విద్యయే మాకు తల్లి, విద్యయే మాకు తండ్రి’ అనునది వారిలో వాడుకయైన మాట. మన విద్యార్థులు గోడలమీద వ్రాయు నీతివాక్యములవంటిది కాదు సుమా. వారికి వేఱు తల్లియు వేఱు తండ్రియు కానరాలేదు. ఆదివారములందు చెట్లక్రింద ఆరాధన జరుగుచుండెను. యెషయా గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో కూషునదులకు అవతలనున్న పొడవైన జనమునుగూర్చి చెప్పబడినది తమనుగూర్చియే యని దక్షిణ సూడాను క్రైస్తవులు నమ్ముదురు. ఈ వ్యాఖ్యానము సరియా కాదా యనుట పండితులకు విడిచిపెట్టెదము. అది వారిని బ్రతికించినదనుట మాత్రము సత్యము.

అమెరికా ప్రభుత్వము ఐక్యరాజ్యసమితివారితో నాలోచించి, 2000వ సంవత్సరాంతమునుండి 2001వఱకు ఇట్టివారిని సుమారు 3,800 మందిని తమ దేశమునకు పిలిపించుకొనెను. వారిని ఆదరించి పట్టణములలో నిలుపు పనిని ఎక్కువగా లూథరను, కథోలిక మొదలగు సంఘములకు జెందిన సంస్థలు వహించెను. 2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్కు మొదలగుచోట్ల ఘోరము జరిగిన తరువాత విమానములు నిలిచిపోయెను. అప్పటికి పేరు పిలువబడి ప్రయాణమునకు సిద్ధముగానున్నవారు శిబిరములోనే యుండిపోయిరి.

పోయినవారిలో బాలికలు 89 మంది మాత్రమే. కారణమేమన, శిబిరమునకు వచ్చిన ఆడపిల్లలను ఒంటరిగా నుంచక, ఏదో యొక కుటుంబమునకు అప్పగించు ఆచారము. ఆ కుటుంబములలో వారు నీళ్లు మోసి, వంటచేసి, బిడ్డల నెత్తుకొని పెరిగిరి. దిక్కులేని పిల్లల జాబితా వ్రాయునప్పుడు, కుటుంబములోనున్నారు గనుక వీరి పేర్లు అందులోనికి రాలేదు. రక్షణకై చేసిన యేర్పాటే వారిని మఱుగుపఱచినది. దీనిని చదివినప్పుడు మాకు కలిగిన దుఃఖము, గిలోనది వృత్తాంతమునకు కలిగిన దుఃఖముకంటె తక్కువైనది కాదు.

ఉపాధ్యాయులమగు మాకు మఱియొక సంగతి మిక్కిలి ముఖ్యముగా తోచినది. ఈ బాలురకు జన్మదినములు తెలియవు. శిబిరాధికారులు ముఖము జూచి వయస్సు నంచనావేసి, అనేకులకు జనవరి 1వ తేదీ నొకదానిని జన్మదినముగా వ్రాసిరి. అమెరికాకు చేరిన పిదప ఈ యంకెయే వారి జీవితమును నిర్ణయించెను. పదునెనిమిదేండ్లకు తక్కువయని వ్రాయబడినవాడు ఒక గృహస్థుని యింట పెంపుడు బిడ్డగా నుంచబడి, ఉన్నత పాఠశాలకు పంపబడెను. అంతకు మించినదని వ్రాయబడినవాడు ముగ్గురు నలుగురు స్నేహితులతో అద్దెయింట నుంచబడి, కొలది మాసములు సహాయము పొంది, అటుపిమ్మట కర్మాగారములోనో, విమానాశ్రయములోనో, మాంసము కోయు కొట్టములలోనో కూలిచేసి తన అద్దె తానే చెల్లించుకొనవలసివచ్చెను. విమానపు ప్రయాణఖర్చు సహితము వడ్డీలేని అప్పే; నెలనెలకు తీర్చవలెను. ఒకే గుడిసెలో పెరిగి, ఒకే నేలమీద అక్షరములు దిద్దినవారిలో ఒకడు బడికిని ఇంకొకడు రాత్రిపనికిని పోయెను. చదువుకొఱకే వచ్చితిమని నమ్మిన యువకునకు ఇది యెట్టి నిరాశయో ఊహింపుడు. అయినను పగలు పనిచేసి రాత్రి చదివి, పరీక్షలిచ్చి, కళాశాల పట్టములు పొందినవారు వారిలో ననేకులు కలరు.

క్రొత్తదేశపు వింతలనుగూర్చి పత్రికలవారు అప్పుడు విస్తారముగా వ్రాసిరి: మీటనొక్కిన వెలుగు దీపము, గోడలోనుండి వచ్చు వేడినీరు, మంచుపెట్టె, కదలు మెట్లు, ఫార్గో పట్టణపు గడ్డకట్టు చలి. ఇవి నవ్వించు సంగతులే గాని, వీనిని ఆ బాలురు కొద్ది వారములలో నేర్చుకొనిరి. కష్టమైనవి వేఱు. వారి దేశమున పెద్దవారితో మాటలాడునపుడు కన్నులు దించుకొనుట మర్యాద; అమెరికాలో కన్నులలోనికి చూడనివాడు అబద్ధికుడని యెంచబడును. వారి పేరులో మొదట తన పేరు, తరువాత తండ్రిపేరు, ఆపై తాతపేరు వరుసగా వచ్చును; కచేరీవారు ‘ఇంటిపేరేది?’ అని యడిగినప్పుడు తికమకపడిరి. ఇంటిపేరు ముందు పెట్టుకొను మన తెలుగువారికి ఈ చిక్కు బాగుగా తెలియును. చిన్నతనమున క్రిందివరుస ముందరిపండ్లు తీసివేయు ఆచారము డింకావారిలో గౌరవచిహ్నము. అచ్చట అది లోపముగా కనబడెను. ఎల్లప్పుడు గుంపుగా నడచుట వారికి ప్రాణరక్షణ. కాని పొడవైన నల్లని యువకులు పదిమంది ఒక్కమాఱు అంగడిలో ప్రవేశించినప్పుడు అంగడివారు భయపడిరి. కావున విడివిడిగా పొమ్మని వారికి బోధించిరి. అన్నిటికంటె ఒంటరితనమే వారిని బాధించెను. పొరుగింటివాని పేరు తెలియని వీధి వారెన్నడును చూచియుండలేదు. మన వసతిగృహమునకు క్రొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి రాత్రి ఎందుకు అన్నము తినడో యెఱిగినవారికి దీనిని వివరింపనక్కఱలేదు.

డబ్బు విషయమున మఱియొక ధర్మసంకటము. కకూమాలో మిగిలిన మిత్రులు, ఎక్కడనో బ్రతికియున్నట్లు తెలిసిన బంధువులు, టెలిఫోనులో అడుగుచుండిరి: ఒకనికి మందులకు, ఒకనికి బడిజీతమునకు. పోషకసంస్థలవారు ‘ముందు నీకొఱకు కూడబెట్టుకొనుము’ అని హితవు చెప్పిరి. ఆ హితవు తప్పు కాదు. అద్దె చెల్లింపనివాడు వీధినబడును. అయినను తాను దినమునకు మూడుపూటలు తినుచు, ఒకపూట తినుచున్న సోదరునకు లేదనుట వారివలన కాలేదు. పెండ్లియాడుటకును కన్యాశుల్కముగా ఆవుల నీయవలెను గనుక, అమెరికా జీతముతో ఆఫ్రికాలో ఆవులు కొన్నవారును కలరు.

వీరిలో ప్రసిద్ధులైనవారిని కొందఱిని పేర్కొందుము. లోపెజ్ లోమాంగ్ ఆఱేండ్లవాడై యుండగా, 1991లో, ఆదివారారాధన జరుగుచుండగనే సైనికులచే ఎత్తుకొనిపోబడెను. ముగ్గురు పెద్దబాలురు అతనిని తప్పించి, మూడు దినములు పరుగెత్తించి కెన్యా సరిహద్దు దాటించిరి. తలిదండ్రులు చనిపోయెననుకొని అతనికి సమాధి కట్టిరి. పదియేండ్లు శిబిరమునందుండి, 2001లో న్యూయార్కు రాష్ట్రమందలి టలీ గ్రామమున ఒక కుటుంబమునకు బిడ్డయై, పరుగుపందెములలో ఆఱితేఱి, 2008 బీజింగు ఒలింపికు క్రీడలలో అమెరికా పతాకమును ముందు మోసెను. వాలెంటినో అచక్ డెంగ్ తన స్వగ్రామమైన మరియల్ బాయియందు 2009లో ఉన్నత పాఠశాల తెఱచెను. జాన్ బుల్ డౌ తన ప్రాంతమున వైద్యశాల కట్టించెను. మఱికొందఱికంటె ముందుగా 1996లోనే రోచెస్టరు పట్టణమునకు వచ్చిన సాల్వా డుట్, తన తండ్రి చెడునీటివలన రోగియయ్యెనని తెలిసికొని, 2003లో ఒక సంస్థను నెలకొల్పి పల్లెలలో గొట్టపుబావులు త్రవ్వించుచున్నాడు. గొప్పవారి నామములు పత్రికలకెక్కును. రాత్రిపని చేసి తమ్ముని చదివించిన వాని నామము ఎక్కదు.

2011 జూలై 9వ తేదీన దక్షిణ సూడాను స్వతంత్రదేశమయ్యెను. సంతోషముతో తిరిగిపోయినవారు కలరు. కాని 2013 డిసెంబరులో ఆ దేశమునందే అంతఃకలహము రేగి, కకూమాకు మరల క్రొత్త గుంపులు చేరెను. 2023 ఏప్రిలులో ఖార్టూమునందే సైన్యములు రెండు పోరాడుకొనసాగెను. ఇప్పుడు ఉత్తరాది పిల్లలే, ఒకప్పుడు దక్షిణాది పిల్లలు విడిచిపోయిన ఆ దేశములోనికి, సరిహద్దునకు సమీపముననున్న రెంక్ పట్టణముమీదుగా మూటలతో దిగుచున్నారు.