కారు అద్దానికి ఫిల్మ్... ఇంట్లోనా? దుకాణంలోనా?
ముందు వెలుతురు శాతం చూసుకోవాలి.. ఆ తర్వాతే పని

విజయవాడ: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో రెండు గంటలు నిలిపిన కారు తలుపు తీస్తే కొలిమి సెగ తగులుతుంది. అందుకే వేసవి రాగానే వాహనదారుల దృష్టి సన్‌ఫిల్మ్‌పై పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫిల్మ్ చుట్ట తెప్పించుకుని స్వయంగా అతికించుకునేవారు కొందరు. ఆటోనగర్‌లోని దుకాణాలకు వెళ్లేవారు మరికొందరు. ఏ మార్గాన్ని ఎంచుకున్నా చట్టం తెలియకుండా దిగితే ఖర్చు వృథా కావడమే గాక జరిమానా కూడా తప్పదు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలి. అద్దాలపై ఎంత శాతం నల్ల ఫిల్మ్‌నైనా అతికించరాదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ ఏడాది మే 4 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత 100వ నిబంధనను కేంద్రం సవరించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సవరణ, ప్రమాణాలకు లోబడిన ‘సేఫ్టీ గ్లేజింగ్’కు చోటు కల్పించింది. దీని ఆధారంగా, 70, 50 శాతాల పరిమితికి లోబడి ఫిల్మ్ ఉంటే జరిమానా విధించరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అయితే ఈ తీర్పు ఇతర రాష్ట్రాల హైకోర్టులు తప్పనిసరిగా పాటించాల్సింది కాదు. కనుక పరిమితిలోని ఫిల్మ్‌కు సైతం తనిఖీల్లో అభ్యంతరం ఎదురుకావచ్చు. ముదురు ఫిల్మ్‌కు మాత్రం ఎక్కడా మినహాయింపు దొరకదు.

లెక్కలో పొరపాటు

‘50 శాతం ఫిల్మ్ తెచ్చాం కదా’ అని పలువురు ధీమాగా ఉంటారు. అసలు చిక్కు ఇక్కడే. కొత్త కారు అద్దం సైతం వెలుతురును పూర్తిగా లోనికి పంపదు. అద్దం 75 శాతం పంపుతోందనుకుంటే, దానిపై 50 శాతం ఫిల్మ్ వేశాక మిగిలేది సుమారు 37 శాతమే. అది నిబంధనకు విరుద్ధం. అదే అద్దంపై 70 శాతం ఫిల్మ్ వేస్తే 52 శాతం మిగులుతుంది.

నలుపు పెరిగితే చల్లదనం పెరుగుతుందన్నదీ అపోహే. సూర్యుని వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వాటిని అడ్డుకునే సిరామిక్ ఫిల్మ్ లేతగా ఉన్నా సెగను తగ్గిస్తుంది. లోహపు పొర గల ఫిల్మ్ ముందు అద్దంపై ఉంటే ఫాస్టాగ్ పనితీరుకు ఆటంకం కలగవచ్చు.

ఇంట్లో అతికిస్తే..

* దుమ్ము, గాలి లేని నీడ పట్టున కారు నిలపాలి. ఒక్క ఇసుక రేణువు చిక్కినా అక్కడ బుడగ లేస్తుంది.
* అద్దాన్ని శుభ్రంగా కడిగి, కొన్ని చుక్కల షాంపూ కలిపిన నీటిని చల్లి, లోపలి వైపునే ఫిల్మ్ అతికించాలి.
* రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచులకు నీటిని నెట్టాలి.
* మూడు నాలుగు రోజుల పాటు అద్దాలు దించరాదు. ఈలోగా కనిపించే మసక, తేమ ఆరాక పోతుంది.

చదునుగా ఉండే చిన్న పక్క అద్దాల వరకు ఓపిక గలవారు ఈ పని చేసుకోవచ్చు. వంపు తిరిగిన వెనుక అద్దంతోనే ఇబ్బంది. ఫిల్మ్‌ను వేడి గాలితో కుదించి వంపునకు ఒదిగేలా చేయాలి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ ముడుచుకుపోతుంది. బ్లేడు జారితే మంచును తొలగించే డీఫాగర్ తీగలు తెగుతాయి. వాటి మరమ్మతు అంత సులభం కాదు.

నిపుణునికి అప్పగిస్తే..

ఖర్చు ఎక్కువైనా పని నున్నగా వస్తుంది. లోపం తలెత్తితే అడిగే వీలుంటుంది. అయితే దుకాణదారు మాటనే నమ్మరాదు. వెలుతురు కొలిచే మీటరుతో అద్దాన్ని ఫిల్మ్‌కు ముందు, తర్వాత పరీక్షించి చూపమనాలి. ఫిల్మ్ పేరు, శాతం, వారంటీ రాసిన రసీదు తీసుకోవాలి. ‘పోలీసులు పట్టించుకోరులే’ అనే దుకాణానికి దూరంగా ఉండటమే మేలు. జరిమానా కట్టాల్సింది దుకాణదారు కాదు, వాహనదారే.

రాత్రి వేళ ఆలోచించండి

పగటి ఎండను చూసి వేయించిన ముదురు ఫిల్మ్ రాత్రి ప్రాణాల మీదికి తెస్తుంది. దీపాలు లేని రహదారిపై పక్క నుంచి వచ్చే పాదచారి, లైటు లేని సైకిలు, రోడ్డు దాటే పశువు ఆ అద్దంలోంచి ఆలస్యంగా కనిపిస్తాయి. ఫిల్మ్‌పై సందేహం ఉన్నవారు నీడలో కారు నిలపడం, ఆగి ఉన్నప్పుడు ముందు అద్దానికి మడత తెర పెట్టడం, బయలుదేరే ముందు తలుపులు తెరిచి వేడిని వెళ్లగొట్టడం వంటి పద్ధతులు పాటించవచ్చు. వీటికి చేతి చమురు వదలదు, చట్టమూ అడ్డురాదు.