సైలెన్సర్ విప్పేముందు

తెల్లవారకముందే పల్లెల నుంచి పికప్ బండ్లు మదనపల్లె టమాటా మార్కెట్ యార్డుకు వచ్చేస్తాయి. ఒక్కోటీ నడిచేది పదో పదిహేనో కిలోమీటర్లు. గేటు దగ్గర వరుస కదలదు, ఇంజన్ ఆపరు. రెండడుగులు ముందుకు, మళ్ళీ నిలుపు. ఇలా కొన్ని వారాలు తిరిగాక డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది, బండి లాగదు. షెడ్డుకు తీసుకుపోతే సలహా సిద్ధంగా ఉంటుంది: "లోపలున్న జల్లెడ తీసేస్తే సరి అన్నా, బండి గుర్రం మాదిరి పోతాది."

ఆ మాట ఎందుకు వినకూడదో, మరేం చేయాలో చెప్పాలనే ఇది రాస్తున్నాను. సరుకు మెత్తబడిపోతూ, కిస్తీ గడువు దగ్గరపడుతున్న మనిషికి నీతులు వినే ఓపిక ఉండదు. కాబట్టి సైలెన్సర్ డబ్బా లోపల జరిగేదేమిటో ముందు చూద్దాం.

పాత లారీలో సైలెన్సర్ పని చప్పుడు తగ్గించడమే. కన్నం పడితే వెల్డింగు పెట్టి పంపేవారు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 (భారత్ స్టేజ్-4) పొగ నిబంధనలు వచ్చాయి. ఐదో మెట్టును వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6లోకి వెళ్ళాం. పెద్ద ఇంజన్లు కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చన్న హద్దు 0.46 గ్రాములకు దిగింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు 50 నుంచి 10కి తగ్గింది. అంత కట్టడి ఇంజన్ ఒక్కదాని వల్ల కాదు. అందుకే సైలెన్సర్ స్థానంలోకి వరసగా నాలుగు గదులు వచ్చాయి.

మొదటి గదికి ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. కాలకుండా మిగిలిన ఇంధనం, కార్బన్ మోనాక్సైడ్ అక్కడ కాలిపోతాయి. రెండోది డీపీఎఫ్, మన మెకానిక్ జల్లెడ అన్నది దాన్నే. వేల సన్నని కాలువలు ఒకటి విడిచి ఒకటి చివర మూసేసి ఉంటాయి. పొగ గోడల్లోంచి దూరి పోవాలి, మసి అక్కడే నిలవాలి. మూడో గది ముందు యూరియా ద్రవం చిమ్ముతారు. వేడికి అది అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. మిగిలిపోయిన అమ్మోనియాను చివరి గది పట్టుకుంటుంది. చిన్న పికప్‌లలో కొన్నిటికి ఈ యూరియా ఏర్పాటు ఉండదు, జల్లెడ మాత్రం ఉంటుంది.

జల్లెడలో చేరిన మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి, ఇరవై ముప్పై నిమిషాల నిలకడైన పరుగు కావాలి. పల్లె నుంచి యార్డుకు, యార్డు నుంచి పల్లెకు తిరిగే బండికి ఆ అవకాశమే దొరకదు. కాబట్టి దీపం వెలిగితే పార్టు పోయిందని అనుకోకండి. పుంగనూరు దాటి పలమనేరు వైపు ఒక్కసారి ఆపకుండా నడిపి వస్తే ఆ దీపం ఆరిపోవడం మామూలే. పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగుడు మాత్రం దీనికి పనికిరాదు, ఏటవాలులో పొగ చల్లబడిపోతుంది. బండి నిలబెట్టి మసి కాల్చే వీలూ కొన్నిటికి ఉంటుంది. అప్పుడు కింద ఎండుగడ్డి, పక్కన ప్లాస్టిక్ పెట్టెలు లేకుండా చూసుకోవాలి.

కుప్పంలో కథ వేరు. గ్రానైట్ దిమ్మెలు మోసే లారీ ఇంజన్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, మసి దానంతటదే కాలుతుంది. దాన్ని దెబ్బతీసేది క్వారీ దారి కుదుపు. టర్బో తర్వాత వచ్చే మడతల గొట్టం (బెల్లో) చీలుతుంది, క్లాంపు వదులవుతుంది. చీలిక సన్నదే అయినా శుద్ధి కాని పొగ అందులోంచి బయటికి పోతుంది, సెన్సర్ల లెక్కలూ తప్పుతాయి. కీళ్ళ దగ్గర తెల్లటి ఉప్పులాంటిది పేరుకుంటే అది కారి ఎండిన యూరియా.

మసి కాలుతుంది కానీ బూడిద కాలదు. ఆ బూడిద వచ్చేది ఇంజన్ ఆయిల్ నుంచి. అందుకే బీఎస్-6 బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. ఇంజెక్టర్ కారుతున్నా, టర్బో ఆయిల్ తాగుతున్నా జల్లెడ త్వరగా పూడుకుపోతుంది. ఆ కారణం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ కొన్ని నెలల్లో పాతదాని దారే పడుతుంది. నా దృష్టిలో చిన్న ఓనర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

యూరియా ద్రవంలో నూటికి 32.5 పాళ్ళు శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. మన బోరు నీళ్ళు ఎంత గట్టివో ఇంట్లో గిన్నె అడుగున పేరుకునే తెల్లపొర చెబుతుంది. అవే నీళ్ళు కలిపితే ఆ ఖనిజాలు మూడో గదిలో చేరి దాన్ని పాడుచేస్తాయి. టమాటా తోటకు తెచ్చిన బస్తా కరిగించి పోసే ఆలోచనా వద్దు. 2015 నుంచి రైతు యూరియా వేపనూనె పూతతో వస్తోంది, ఆ నూనె చిమ్మే సూదిని పూడ్చేస్తుంది. రైతు సబ్సిడీ సరుకు లారీకి పోయడం నేరం కూడా.

ఇక జల్లెడ పీకేసే సంగతి. అది లేదని సెన్సర్ పట్టేస్తుంది కనుక సాఫ్ట్‌వేర్‌నూ మార్చాలి. యూరియా చిమ్ముతున్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే చిన్న పెట్టెలూ అమ్ముతారు. పొల్యూషన్ సర్టిఫికెట్ యంత్రం డీజిల్ బండి పొగ మసకను మాత్రమే కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. దాంతో మోసం దాగిపోతుందన్న ధైర్యం కలుగుతుంది. చట్టం మాత్రం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సాఫ్ట్‌వేర్ మోసానికే ఫోక్స్‌వ్యాగన్ 2015లో అమెరికాలో దొరికిపోయింది. ఇలాంటి ఆరోపణలపైనే ఇంజన్ల కంపెనీ కమిన్స్ 2023 డిసెంబరులో అక్కడ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

నాకు జరిమానా కన్నా యార్డులో పెట్టెలెత్తే హమాలీల సంగతే పెద్దది. నిలబడిన బండ్ల పొగ గంటలకొద్దీ పీల్చేది వాళ్ళే. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చింది. వందేళ్ళ కిందట క్షయ రోగుల ఊపిరితిత్తులకు ఈ ప్రాంతపు గాలి మంచిదనే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం కట్టారు.

పార్టు నిజంగానే పోయిందనుకుందాం. ముందు ఆర్‌సీలో బండి ఏ బీఎస్‌దో చూసి, పాత పార్టు మీది నంబరుతో సరిపోయేదే కొనాలి. ధర వింటే గుండె గుభేలుమంటుంది, నిజమే. అయినా తుక్కు అంగడిలో దొరికే డబ్బా కొనకండి, ప్లాటినం కోసం లోపలిది ఎప్పుడో తీసేసి ఉండవచ్చు. గాస్కెట్లు కొత్తవే వేయించాలి, వంగిన క్లాంపు వాడనివ్వకూడదు. బిగించాక స్కానర్ పెట్టి కంప్యూటర్‌లోని పాత మసి, బూడిద లెక్కను సున్నా చేయించాలి. చాలా షెడ్లలో మరిచిపోయేది ఇదే. పార్టు నంబరున్న బిల్లును ఆర్‌సీతో పాటే ఉంచితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు చూపించవచ్చు.

తర్వాత వారం రోజులు యూరియా మట్టం రాసుకోండి. ఇంజన్ రకాన్ని బట్టి 100 లీటర్ల డీజిల్‌కు 3 నుంచి 6 లీటర్ల దాకా అది తగ్గాలి. చెన్నై వెళ్ళి వచ్చినా మట్టం కదలలేదంటే బండిని మళ్ళీ షెడ్డుకు తీసుకుపోయి, బిగించిన మనిషి చేతే విప్పించి చూడండి.