కాయిల్ మార్చినా నీళ్ళెందుకు కాగవు?

ప్రశ్న: మాది కడియం దగ్గర మేడ ఇల్లు. కిందా పైనా ఒకే కంపెనీ, ఒకే సైజు ఇన్‌స్టంట్ గీజర్లు పెట్టించాం. పైన నీళ్ళు సన్నగా వస్తాయి గానీ మంచి వేడిగా ఉంటాయి. కింద ధార బాగుంటుంది, వేడి మాత్రం అంతంతమాత్రం. కింది దానికి కాయిల్ మార్పించాం, థర్మోస్టాట్ మార్పించాం. తేడా లేదు. ఎందుకండీ?

జవాబు: గీజర్లో తప్పేమీ లేదండి. తేడా అంతా మీ ట్యాంకు ఎత్తులో ఉంది.

ఇన్‌స్టంట్ గీజరు నీళ్ళు నిల్వ పెట్టుకోదు. లోపల పట్టేది ఒకటో మూడో లీటర్లు. కుళాయి తిప్పగానే 3 కిలోవాట్ల కాయిల్‌ని ఒరుసుకుంటూ నీళ్ళు పరుగెడతాయి. ఆ పరుగులో ఎంత కాగితే అంతే. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పోతే వేడి సుమారు 21 డిగ్రీలు పెరుగుతుంది. నాలుగు లీటర్లు పోతే పెరిగేది 11 డిగ్రీల లోపే. సంక్రాంతి చలికి ట్యాంకు నీళ్ళు 24 డిగ్రీలున్నాయనుకోండి: పైన 45, కింద 35. ముప్పై అయిదంటే ఒంటి వేడికంటే తక్కువ, చలికాలం పొద్దున్నే అది వేడి నీళ్ళనిపించదు. కాయిల్ ఎన్నిసార్లు మార్చినా ఈ లెక్క మారదు.

మరి కింద ధార ఎందుకెక్కువ? ట్యాంకులో నీటి మట్టానికీ కుళాయికీ మధ్య పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. స్లాబు మీద కూర్చున్న ట్యాంకు నుంచి పై అంతస్తు కుళాయికి రెండు మీటర్లు దొరికితే గొప్ప. కింది కుళాయికి ఐదు మీటర్లు దాటుతుంది. గోదారి జిల్లాల వాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, నది మట్టం పైకి లేచి నిలబడ్డాకే కదా తూర్పు డెల్టా కాలువల్లోకి నీళ్ళు వాటంతటవి నడిచాయి! ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గోదారికి చేసిన పనే మీ మేడమీది నల్ల ట్యాంకు స్నానాల గదికి చేస్తోంది.

కాబట్టి కింది గీజరుకి ఖర్చులేని వైద్యం ఉంది. గీజర్లోకి చన్నీళ్ళు వెళ్ళే గొట్టం దగ్గర యాంగిల్ కాక్ ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా బిగిస్తూ, ఒంటికి సరిపడే వేడి రాగానే ఆపండి. బిగించేది చన్నీళ్ళ వైపే; వేడినీళ్ళు బయటికొచ్చే వైపు బిగించకూడదు, అలా చేస్తే ఒత్తిడి లోపల చిన్న డబ్బా మీద పడుతుంది. పైన ధార మరీ సన్నగా ఉందని ప్రెషర్ మోటారు పెట్టించాలనుకుంటున్నారేమో, ఆగండి. పెట్టిస్తే పైనా గోరువెచ్చనే అవుతుంది.

పదిహేను, పాతిక లీటర్ల నిల్వ గీజర్లు వాడేవాళ్ళ కష్టం వేరు. అది అర్థం కావాలంటే పెరట్లో ఉండే రాగి బాయిలర్‌ని తల్చుకోవాలి. మధ్యలో నిప్పు గొట్టం, చుట్టూ నీళ్ళు, కింద కొబ్బరి డొక్కల మంట. పైన గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే, అవి అడుక్కి దిగి, పైనున్న చెంబుడు వేడినీళ్ళని కొమ్ములోంచి బయటికి తోస్తాయి. పొయ్యనిదే రావు. గోడకి వేలాడే గీజరూ అచ్చం ఇంతే: చన్నీళ్ళు అడుగున చేరితేనే పైనున్న వేడినీళ్ళు కుళాయికొస్తాయి. తేడా ఏమిటంటే బాయిలర్‌కి గరాటు కళ్ళెదుట ఉంటుంది, గీజరు గరాటు గోడలో పూడ్చిన పైపు. అది పూడుకుపోయినా మనకి కనపడదు, నింద గీజరు మీదే పడుతుంది.

అందుకే మెకానిక్‌ని పిలిచే ముందు ఒక పరీక్ష చేయండి. గీజరు స్విచ్చి ఆపి, చన్నీళ్ళ యాంగిల్ కాక్ పూర్తిగా మూసేసి, వేడినీళ్ళ కుళాయి తిప్పండి. పైపులో మిగిలిన నాలుగు చుక్కలు పడి ఆగిపోవాలి. ఆగకుండా ధార వస్తూనే ఉంటే ఆ నీళ్ళు గీజర్లోంచి వచ్చినవి కావు. చన్నీళ్ళు దొంగదారిన వేడి పైపులోకి దూరుతున్నాయి. ఆ దారి ఎక్కువగా మిక్సర్ కుళాయి. చేతి షవరుని దాని మూతి దగ్గరే ఆపేసి, వెనక రెండు పిడులూ తెరిచి వదిలేసేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అప్పుడు రెండు పైపులూ లోపల కలిసిపోతాయి, ఒత్తిడి ఎక్కువున్న చన్నీళ్ళు అటు జారుకుంటాయి. కాయిల్ నిక్షేపంలా కాస్తూనే ఉంటుంది, మీకు మాత్రం చన్నీళ్ళే. పిడులు రెండూ కట్టేస్తే సరిపోవచ్చు. అప్పటికీ రాకపోతే మిక్సర్ లోపలి వాషరు మార్చాలి.

వేడినీళ్ళు ఒక్క బకెట్టుకే చల్లబడిపోతున్నాయంటే ముందు లెక్క చూసుకోండి. పాతిక లీటర్లని 25 డిగ్రీల నుంచి 60కి కాచడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కి అరగంట పడుతుంది, ఒక యూనిట్ కరెంటు కాలుతుంది. భోగినాడు అల్లుళ్ళూ మనవలూ వరసగా తలంట్లకి కూర్చుంటే ఏ గీజరూ అందుకోలేదు, దానికి రిపేరూ లేదు.

మామూలు రోజుల్లోనూ అంతేనంటే కాయిల్ మీద సున్నం పట్టి ఉంటుంది. గట్టి నీళ్ళు కాగినప్పుడు వాటిలో కరిగివున్న కాల్షియం విడిపోయి పెంకులా పేరుకుంటుంది. కడియపులంక నర్సరీల వాళ్ళకిది వేరే చెప్పక్కర్లేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు ఆకుల మీద చల్లితే ఆరాక తెల్ల మచ్చలు పడతాయి. ఆ మచ్చే గీజర్లో రోజూ పొరమీద పొర పడుతుంది. వరదల రోజుల్లో ఎర్ర నీళ్ళ ఒండ్రు ట్యాంకు అడుక్కి చేరితే అదీ దిగి, యాంగిల్ కాక్ దగ్గరున్న జల్లెడని మూసేస్తుంది. ఏడాదికోసారి చలికాలం ముందు ట్యాంకు కడిగించి, గీజరు విప్పించి సున్నం గీకించండి. అప్పుడే లోపలున్న మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే కడ్డీ అది. అరిగిపోయాక మార్చకపోతే తుప్పు ట్యాంకుని తినడం మొదలుపెడుతుంది. విప్పిన ప్రతిసారీ వాషరు కొత్తదే వేయించాలి.

కాయిల్ మాటిమాటికీ కాలిపోతోందంటే మాత్రం నా అనుమానం కంపెనీ మీద కాదు, ఖాళీ ట్యాంకు మీద. కరెంటు పోతుంది, మోటారు ఆడదు, మేడమీద ట్యాంకు అడుగంటుతుంది. ఆ సమయంలో కింద ఎవరో కుళాయి తిప్పితే, పై అంతస్తు గీజర్లో ఉన్న నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి జారిపోతాయి. గీజరు స్విచ్చి ఎవరూ ఆపరు. కరెంటు వస్తుంది, నీళ్ళులేని కాయిల్ ఎర్రగా కాలుతుంది. రాగి బాయిలర్లో నీళ్ళు లేకుండా మంట పెడితే మాటు ఊడినట్టే. దీనికి మందు చన్నీళ్ళ దారిలో నాన్ రిటర్న్ వాల్వు. నీళ్ళని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. చాలా నిల్వ గీజర్లతో ఇది సేఫ్టీ వాల్వుతో కలిపే వస్తుంది. బిగించేవాడు అడ్డమని పక్కన పడేశాడేమో చూసుకోండి.

స్విచ్చి వేయగానే ఎంసీబీ పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ ఎత్తకండి. పగిలిన కాయిల్ నీళ్ళలోకి కరెంటు వదులుతుండొచ్చు. ఇక్కడ ప్లంబరుతో పని లేదు; ఎలక్ట్రీషియన్ వచ్చి కాయిల్‌నీ ఎర్త్‌నీ చూసేదాకా ఆ స్నానాల గదిలో వేడినీళ్ళ కుళాయి ముట్టుకోవద్దు.

ఇక సేఫ్టీ వాల్వు కారుతోందని ఎంసీల్ పెట్టి మూసేసే అలవాటొకటుంది. మహా ప్రమాదం. పాతిక లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకి కాగితే ఇంచుమించు మూడోవంతు లీటరు ఉబ్బుతాయి. నాన్ రిటర్న్ వాల్వు వెనక్కి పోనివ్వదు గనక ఆ ఉబ్బు బయటపడే దారి అదొక్కటే. కాగుతున్నంతసేపు చుక్కలు పడితే దాని పని అది చేస్తున్నట్టు. ఆ గొట్టం చివర మోరీలోకి దించుకోండి. నీళ్ళు పూర్తిగా చల్లారాక కూడా రాత్రంతా కారుతుంటే వాల్వు లోపల ఇసక పడిందన్నమాట, అప్పుడు వాల్వు మార్పించండి.