చమురు ఒలికిన నేలలో భూగర్భజల పర్యవేక్షణ: బెంజీన్ కొలత ఒక్కటే చాలదు

1979 ఆగస్టు 20న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బెమిడ్జి పట్టణ సమీపాన ముడి చమురు పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్ల చమురు నేలపాలైంది. శుభ్రపరచే చర్యలు పూర్తయిన తరువాత కూడా దాదాపు 4 లక్షల లీటర్లు నేలలోనే మిగిలిపోయింది. అందులో కొంత ఇసుక, గులక పొరల గుండా దిగి భూగర్భ జలమట్టాన్ని చేరింది. 1983 నుండి అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆధ్వర్యంలో అక్కడ దీర్ఘకాలిక పరిశోధనలు సాగుతున్నాయి. చమురు కాలుష్యాన్ని ఏ విధంగా పర్యవేక్షించాలో తెలిపే ముఖ్యమైన ఉదాహరణలలో ఇది ఒకటి.

కాలుష్య ధార స్వభావం

చమురు నీటికంటే తేలిక కావడంతో జలమట్టంపై తేలియాడుతుంది. దానిలోని బెంజీన్, టోల్యూన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌లు కొద్దికొద్దిగా నీటిలో కరిగి, ప్రవాహ దిశలో కాలుష్య ధారగా విస్తరిస్తాయి. నేలలోని సూక్ష్మజీవులు వీటిని ఆహారంగా వినియోగించుకుంటాయి. ఈ క్రమంలో మొదట కరిగిన ఆక్సిజన్, తదుపరి నైట్రేట్, మాంగనీస్, ఫెర్రిక్ ఇనుము, సల్ఫేట్‌లు ఖర్చవుతాయి. చివరకు మీథేన్ వెలువడుతుంది. నీరు నిలిచిన వరి మడిలో జరిగే క్షయకరణ క్రమం కూడా ఇదే. కనుక ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్‌ల తగ్గుదల, ఫెర్రస్ ఇనుము, మీథేన్‌ల పెరుగుదల సూక్ష్మజీవుల చర్యకు సాక్ష్యాలు.

అయితే ఈ ప్రక్రియకు మరొక ముఖం ఉంది. ఇనుము ఆక్సైడ్లు కరిగినప్పుడు వాటిని అంటిపెట్టుకొని ఉన్న సహజ ఆర్సెనిక్ కూడా నీటిలోకి విడుదలవుతుంది. బెమిడ్జి కాలుష్య ధారలో ఆర్సెనిక్ లీటరుకు 230 మైక్రోగ్రాముల వరకు నమోదైంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మైక్రోగ్రాములు. బెంజీన్ తగ్గినంత మాత్రాన నీరు సురక్షితమైనదని నిర్ధారించరాదనుటకు ఇది నిదర్శనం.

బావుల అమరిక, నమూనా సేకరణ

ప్రవాహ దిశను నిర్ణయించడానికి ఒకే వరుసలో లేని కనీసం మూడు బావులలో నీటిమట్టం కొలవాలి. అనంతరం చమురు పడిన చోటుకు ఎగువన ఒకటి, చమురు ఉన్న చోట ఒకటి, దిగువన ధార పొడవునా కొన్ని, తాగు లేదా సాగునీటి బావికి ముందు కాపలాగా ఒకటి చొప్పున పరిశీలన బావులు ఉండాలి. ఎగువ బావి విలువలు లేనిదే మిగిలిన వాటిని పోల్చి చూడలేము. తేలియాడే చమురును గుర్తించాలంటే బావి గొట్టపు జల్లెడ భాగం జలమట్టానికి పైన, క్రింద కూడా విస్తరించి ఉండాలి.

నమూనా తీసేముందు ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ విలువలు స్థిరపడే వరకు నీటిని నెమ్మదిగా తోడాలి. బెంజీన్ వంటి ఆవిరయ్యే పదార్థాలకు 40 మిల్లీలీటర్ల గాజు సీసాలను గాలి బుడగ లేకుండా నింపి, ఆమ్లం కలిపి, 4 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచి, 14 రోజులలోగా విశ్లేషించాలి. సీసాలో బుడగ మిగిలితే బెంజీన్ అందులోకి చేరి, ఫలితం వాస్తవం కంటే తక్కువగా కనిపిస్తుంది.

మన ప్రాంతాలకు అన్వయం

బెమిడ్జిలోని ఇసుక పొరలలో ధార గమనాన్ని కొంతవరకు ఊహించవచ్చు. తెలంగాణ, రాయలసీమలలోని గ్రానైట్ శిలలలో నీరు పగుళ్ల వెంట ప్రవహిస్తుంది కనుక పక్కపక్కనున్న రెండు బోర్లు భిన్నమైన ఫలితాలను ఇవ్వవచ్చు. పైగా మోటారు నడిచే సాగు బోరు కాలుష్య ధారను తనవైపు లాక్కొనగలదు. అందువలన సమీప బోర్లను పరిశీలనలో చేర్చి, వాటి పంపింగు వేళలను నమోదు చేయాలి. రుతుపవనాల అనంతరం జలమట్టం పెరిగినప్పుడు చమురు కొంత నీటి అడుగున చిక్కుకొని, వేసవిలో తిరిగి బయటపడుతుంది. కనుక వర్షాకాలానికి ముందు, తరువాత తీసిన నమూనాలను విడివిడిగా పోల్చాలి.

చమురు వాసన ఆగిపోయిన నాడు పర్యవేక్షణ ముగియదు. బెంజీన్‌తో పాటు ఇనుము, ఆర్సెనిక్ విలువలు కూడా ఎగువ బావి స్థాయికి చేరి, వరుస రుతువులలో అక్కడే నిలిచినప్పుడే ఆ బావి నీటిని తిరిగి వాడుకోవడానికి సిఫారసు చేయడం సమంజసం.